‘ఎంపీ4గా మార్చి ఇవ్వవలెను’ అనే ఒక్క వాక్యం గురించి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖల అధికారులకు, రెండు రాష్ట్రాల విద్యా సాంకేతిక సంస్థల నిర్వాహకులకు, దూరదర్శన్ హైదరాబాద్, విజయవాడ కేంద్రాల వారికి,

నమస్కారం.

బడిపిల్లల కోసం తెలుగులో తీసి టీవీలో వేసిన పాత పాఠాల కార్యక్రమాలు క్యాసెట్లుగానో ఫిల్ము చుట్టలుగానో ఎవరి బీరువాల్లో మిగిలి ఉన్నా వాళ్లందరికీ ఈ లేఖ. పాత వీడియో టేపులు, 16 ఎంఎం ఫిల్ములు శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించే పని తెలిసినవాళ్లం రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. ఈ పనికి టెండరు పిలిచేటప్పుడు ‘పాత క్యాసెట్లను ఎంపీ4గా మార్చి ఇవ్వవలెను’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అదెందుకు చాలదో, దాని బదులు ఏం రాయాలో చెబుతాం. టెండరు కంటే ముందే బీరువా దగ్గర చేయాల్సినవి, చేయకూడనివి కొన్ని ఉన్నాయి. వాటితో మొదలుపెడతాం, ఎందుకంటే నష్టం సగం అక్కడే జరుగుతుంది.

ముందు, బీరువాలో ఏ కాలపు సరుకు ఉండొచ్చో చూద్దాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) అనే ఉపగ్రహ విద్యా ప్రసారాల ప్రయోగం నడిచింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో ఎంపిక చేసిన 2,400 పల్లెలకు నేరుగా టీవీ ప్రసారాలు వచ్చాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో కోళ్లగూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన 3 మీటర్ల యాంటెన్నాలు పెట్టారు. పొద్దున పూట బడిపిల్లలకు ఒక్కో భాషలో సుమారు 22 నిమిషాలు ఇచ్చేవారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. తర్వాత ఇన్‌శాట్ కాలం. 1982 ఏప్రిల్‌లో ఎగిరిన ఇన్‌శాట్-1ఏ ఆ సెప్టెంబరులోనే మూగబోయింది. 1983 ఆగస్టు 30న వెళ్లిన ఇన్‌శాట్-1బీ నిలబడింది. దాని మీద ఆరు రాష్ట్రాలకు వాళ్ల వాళ్ల భాషల్లో బడి ప్రసారాలు సాగాయి. 5 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఒక 20 నిమిషాలు, 9 నుంచి 11 ఏళ్ల వాళ్లకు ఇంకో 20 నిమిషాలు. చిన్నవాళ్లు లేచి పెద్దవాళ్లు వచ్చి కూర్చోవడానికి మధ్యలో కాస్త వ్యవధి.

ఈ చరిత్ర ఎందుకు చెప్పామంటే, పేరు చెరిగిపోయిన టేపును గుర్తుపట్టడానికి నిడివి ఒక ఆనవాలు. 22 నిమిషాలకు దగ్గరగా ఉంటే సైట్ నాటిదా అని అనుమానించాలి. సరిగ్గా 20 దగ్గర ఆగితే ఇన్‌శాట్ నాటిది కావచ్చు. అనుమానమే సుమా, రుజువు కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రోజుల లేబుళ్ల మీద ‘ఈటీవీ’ అని ఉంటే అది ఎడ్యుకేషనల్ టెలివిజన్‌కు పొట్టిపేరు. 1995లో వచ్చిన ప్రైవేటు చానెల్‌తో దానికి సంబంధం లేదు. జాబితా రాసే కుర్రవాడికి ఈ సంగతి ముందే చెప్పకపోతే, ‘ఇవి మనవి కావు, వేరే చానెల్‌వి’ అని పక్కన పెట్టేయగలడు.

ఇక బీరువా తెరిచాక మొదటి నియమం: ఏదీ ప్లే చేయకండి. ‘పనిచేస్తుందో లేదో ఒకసారి వేసి చూద్దాం’ అన్న కుతూహలం ఈ టేపులకు పెద్ద శత్రువు. బూజు పట్టిన టేపును యంత్రంలో వేస్తే ఆ బూజు టేపును చదివే హెడ్ల మీదికి, అక్కడినుంచి తర్వాత వేసే ప్రతి టేపు మీదికి పాకుతుంది. అంటుకుపోయిన టేపును బలవంతంగా లాగితే చిత్రాన్ని మోసే పూత ఊడి వస్తుంది. అది మళ్లీ అతికేది కాదు.

ప్లే చేసే బదులు లెక్క రాయండి. ప్రతి క్యాసెట్‌కూ నాలుగు ఫొటోలు: పెట్టె ముందు వైపు, వీపు, క్యాసెట్ మీది లేబులు, లోపల కాగితం ఉంటే ఆ కాగితం. 30, 40 ఏళ్ల జిగురు ఎండిపోయి ఉంటుంది, క్యాసెట్ కదిలించగానే లేబుళ్లు రాలతాయి. అందుకే ఫొటో తీశాకే చోటు మార్చాలి. పాత లేబులు మీద కొత్త స్టిక్కరు అంటించొద్దు. కొత్త నంబరు పెట్టె వీపున వేరే చోట వేయండి. జాబితా యూనికోడ్ తెలుగులో ఉండాలి. పాత జాబితా యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైపు చేసి ఉంటే దాన్ని ముందు మార్పించుకోండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అది పిచ్చిగీతలై కనిపిస్తుంది, చూసినవాళ్లు పాడైన ఫైలనుకుని తీసేస్తారు. లేబులు మీద ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న తెలుగు పేరును ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, తెలుగు లిపిలో ఇంకో గడిలో రాయాలి. ఊహించి రాసిన పేరైతే ఊహ అని పక్కన గుర్తు పెట్టండి.

టీవీ కేంద్రాల్లో వాడిన ముప్పావు అంగుళం టేపు, అంటే యూమాటిక్ క్యాసెట్ అయితే తిరగేసి అడుగున చూడండి. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల ఉంటే దాన్ని ఊడబీకి ఆ క్యాసెట్ పెట్టెలోనే దాచండి. ఆ బిళ్ల లేని క్యాసెట్ మీద యంత్రం రికార్డు చేయదు. దీనికి అరనిమిషం కూడా పట్టదు, పొరపాటున రికార్డు మీట నొక్కితే పాఠం చెరిగిపోయే ప్రమాదం దీంతో తప్పుతుంది. బీటాక్యామ్ టేపులకూ ఇలాంటి మీటే ఉంటుంది, దాన్ని రికార్డు కాని వైపు తిప్పితే చాలు.

తర్వాత చేయాల్సింది జబ్బుల వారీగా వేరుచేయడం. క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూస్తే టేపు చుట్ట అంచు నున్నగా, ఒకే నలుపులో కనిపించాలి. తెల్లటి నూగు, మచ్చలు ఉంటే బూజు. దాన్ని వెంటనే ప్లాస్టిక్ సంచిలో పెట్టి వేరే గదికి మార్చండి, ముట్టుకునేవాళ్లు మాస్కు వేసుకోవాలి. బూజు టేపును ముందు ఆరబెట్టాలి. గాలిలో తేమ 50 శాతం లోపున్న గదిలో కొన్ని రోజులు ఉంచితే బూజు పొడిగా మారుతుంది. అప్పుడు మెత్తటి బ్రష్షుతో, హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో తీయాలి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే చుట్ట పొరల మధ్యకు పోతుంది. పురుగులకు విరుగుడని పెట్టెల్లో కలరా ఉండలు వేసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. చెదలకు మందు గోడలకూ నేలకూ కొట్టించండి, క్యాసెట్ల మధ్య మాత్రం ఏమీ పెట్టొద్దు.

రెండో జబ్బు పైకి కనిపించదు. టేపు మీది పూతను పట్టి ఉంచే జిగురు మన తేమ గాలికి ఏళ్ల తరబడి నీరు పీల్చి బంకలా తయారవుతుంది. యంత్రంలో వేస్తే కీచుమంటుంది, హెడ్ల మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది, బొమ్మ మంచు కురిసినట్టై మాయమవుతుంది. దీనికి సన్నటి వేడి పట్టించే పద్ధతి ఉంది. సుమారు 50 డిగ్రీల వద్ద 8 నుంచి 12 గంటలు ఉంచి, తీశాక అంతే సేపు మామూలు గదిలో చల్లారనివ్వాలి. ప్రయోగశాలల్లో వాడే ఇంక్యుబేటరులాంటి, ఒక డిగ్రీ అటూ ఇటూ తప్ప మారనిది కావాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు, అందులో కాయిల్ వేడెక్కినప్పుడల్లా ఉష్ణోగ్రత ఎగిరిపడుతుంది. ఈ చికిత్స ఫలితం కొద్ది వారాలే ఉంటుంది కాబట్టి, డిజిటల్‌లోకి ఎక్కించే రోజు ఖాయమయ్యాకే వేడి పెట్టాలి. అన్ని టేపులకూ ఇది మందు కాదు. కొన్ని బ్రాండ్లలో పూతలోని కందెన తెల్లటి పొడిలా పైకి తేలుతుంది. వాటికి వేడి కంటే తుడవడం అవసరం. టేపు బ్రాండు, రకం చూసి నిర్ణయించగల మనిషి లేకపోతే మొత్తాన్నీ ఓవెన్‌లోకి తోసే కాంట్రాక్టరు దొరుకుతాడు, జాగ్రత్త.

ఈ రెండూ లేని టేపులే ముందుగా యంత్రం ఎక్కాలి. ఇక్కడ ఒక పాత పొరపాటు చెప్పాలి. యూమాటిక్‌లో లో బ్యాండ్, హై బ్యాండ్, ఎస్‌పీ అని మూడు తరహాలున్నాయి. హై బ్యాండ్‌లో రికార్డయిన టేపును లో బ్యాండ్ డెక్‌లో, అంటే టేపు ఆడించే యంత్రంలో, వేస్తే బొమ్మ వస్తుంది, రంగు మాత్రం రాదు. ‘రంగు పోయింది’ అనో, ‘ఇది బ్లాక్ అండ్ వైట్ కార్యక్రమం’ అనో రిజిస్టరులో రాసేస్తారు. రంగు ఎక్కడికీ పోలేదు, సరైన డెక్ లేదంతే. మీ పాత పరిశీలన నివేదికల్లో ‘కలర్ లేదు’ అని రాసిన టేపులన్నిటినీ మళ్లీ చూడాలి.

బొమ్మ పైభాగం జెండాలా ఒక పక్కకు వంగితే అది టేపు బిగువు తేడా, డెక్ మీది స్క్యూ నాబ్‌తో సర్దుతుంది. అడ్డంగా మంచు పట్టీ పాకుతుంటే ట్రాకింగ్ చూడాలి. ఆడుతూ ఆడుతూ మొత్తం బొమ్మ మంచులో కలిసిపోతే హెడ్ మూసుకుపోయింది. వెంటనే ఆపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి తోలు ముక్క డ్రమ్ముకు ఆనించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పాలి. తోలు ముక్కను పైకీ కిందికీ రుద్దకూడదు, హెడ్ చిట్లుతుంది. దూదిపుల్ల అసలు వాడకూడదు. చిట్లిన హెడ్‌కు బదులు కొత్తది దొరకడం ఈ రోజుల్లో దైవాధీనం.

డెక్ నుంచి కంప్యూటరుకు నేరుగా తీగ కలిపితే సరిపోదు. పాత టేపు నుంచి వచ్చే సంకేతం వణుకుతూ ఉంటుంది. దాన్ని నిలకడ చేసే టైమ్ బేస్ కరెక్టర్ మధ్యలో ఉండి తీరాలి. అది లేకపోతే క్యాప్చర్ కార్డు వణికిన చోటల్లా ఫ్రేములు వదిలేస్తుంది, మాట ఒకచోట పెదవి ఒకచోట అవుతాయి. 20 నిమిషాల పాఠం మొదట్లో బాగానే ఉండి, చివరికి వచ్చేసరికి మాట అరసెకను వెనకబడి ఉంటే దోషం సాధారణంగా ఇక్కడే. నాణ్యత చూసేవాళ్లు మొదటి రెండు నిమిషాలు చూసి సంతకం పెడితే ఇది దొరకదు. చివరి రెండు నిమిషాలు తప్పక చూడాలి.

ఇప్పుడు టెండరు సంగతి. ‘ఎంపీ4’ అన్నది చూడటానికి వాడే చిన్న ఫైలు. దాచుకోవడానికి చేసింది కాదు. లెక్క చూడండి: మన పాల్ పద్ధతి చిత్రం 720 అడ్డం, 576 నిలువు, సెకనుకు 25 ఫ్రేములు. 10 బిట్, 4:2:2లో (వెలుగు, రంగుల వివరం ఎంత ఉంచాలో చెప్పే కొలతలివి) ఏమీ కుదించకుండా తీసుకుంటే 20 నిమిషాల పాఠం దాదాపు 31 జీబీ. అదే ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే నష్టంలేని కుదింపులో 12 నుంచి 15 జీబీ, తిరిగి విప్పితే ఒక్క బిట్టు తేడా రాదు. రెండు మెగాబిట్ల ఎంపీ4 అయితే 300 ఎంబీ. అంటే వందో వంతు. మిగతా 99 వంతులూ అక్కర్లేని చెత్త కాదు. రేపు ఎవరైనా మచ్చలు తీయాలన్నా, రంగు సరిచేయాలన్నా, గొంతును శుభ్రం చేయాలన్నా వాళ్లకు కావలసింది అక్కడే ఉంది. టేపు రోజురోజుకూ క్షీణిస్తోంది, డెక్కులు కరువవుతున్నాయి. ఒకసారి సరిగా ఎక్కిస్తే అదే ఆఖరిసారి కావచ్చు. ఆ ఒక్క అవకాశాన్ని 300 ఎంబీకి అమ్ముకోవద్దు.

కాబట్టి ఆ ఒక్క వాక్యం బదులు ఇవి రాయించండి. మూల ప్రతి 720 బై 576, 25 ఫ్రేములు, ఇంటర్లేస్ (ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా ఉంచే పద్ధతి) ఉన్నది ఉన్నట్టు, 10 బిట్ 4:2:2, మాట్రోస్కా (.mkv) ఫైలులో ఎఫ్‌ఎఫ్‌వీ1. ధ్వని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, కుదింపు లేకుండా, టేపు మీద ఉన్న ప్రతి ట్రాకూ విడివిడిగా. ఈ ‘విడివిడిగా’ను గట్టిగా పట్టుకోండి. యూమాటిక్ టేపు మీద రెండు ధ్వని ట్రాకులు ఉంటాయి. వేరే భాష నుంచి తెలుగులోకి మార్చిన కార్యక్రమమైతే ఒకదాంట్లో పూర్తి తెలుగు ధ్వని, ఇంకోదాంట్లో మాటలు లేని సంగీతం, చప్పుళ్లు ఉండవచ్చు. రెండూ కలిపేస్తే మళ్లీ విడదీయలేం. ఒకటే తీసుకుంటే, అది ఏ ఒకటో అదృష్టం.

టేపు మొదట్లో కనిపించే రంగు పట్టీలు, ‘కూ’మనే శబ్దం కత్తిరించొద్దని రాయండి. కాంట్రాక్టర్లు అడగకుండానే కత్తిరించేసేది వీటినే. ఆ పట్టీలను వెలుగు, రంగు కొలిచే పరికరాల్లో, అంటే వేవ్‌ఫామ్ మానిటరులో, వెక్టర్‌స్కోపులో చూసి తెలుపు స్థాయిని 0.7 వోల్టులకు, రంగులను వాటి వాటి గళ్లలోకి తెస్తేనే పాఠంలో మనిషి ముఖం మనిషి రంగులో ఉంటుంది. ఆ వెయ్యి హెర్ట్జ్ శబ్దాన్ని మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర నిలిపితే ధ్వని స్థాయి సరిపోతుంది. పట్టీల తర్వాత వచ్చే పలక మీద కార్యక్రమం పేరు, నిడివి, తేదీ, నిర్మాత పేరు ఉంటాయి. లేబులు రాలిపోయిన టేపుకు అదే పుట్టిన తేదీ పత్రం.

టేపు చివర కూడా అంతే. శుభం కార్డు పడగానే ఆపకూడదు. ఆ రోజుల్లో ఖాళీ టేపు ఖరీదైన వస్తువు, దాని మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేసేవారు. 60 నిమిషాల క్యాసెట్ మీద 20 నిమిషాల కొత్త పాఠం పడితే, దాని వెనక అంతకుముందున్న కార్యక్రమం తోక మిగిలి ఉండవచ్చు. ఆ తోక ఇంకెక్కడా లేనిది కావచ్చు కూడా. క్యాసెట్ ఖాళీ అయ్యేదాకా ఎక్కించాలి, చెల్లింపు కూడా అందుకు తగ్గట్టే ఉండాలి. పాఠం నిడివిని బట్టి నిమిషానికి ఇంత అని కట్టిస్తే ఎవరూ తోక దాకా వెళ్లరు.

మూల ప్రతి మీద లోగో వేయొద్దు, బొమ్మలోని గింజలు (గ్రెయిన్) తీసే ఫిల్టర్లు వాడొద్దు, వెడల్పు టీవీకి సరిపడేలా సాగదీయొద్దు. ఇవి 4:3 చిత్రాలు. సాగదీస్తే గుండ్రటి భూగోళం గుమ్మడికాయ అవుతుంది. కాస్త పైనా కిందా కోస్తే అక్షరమాల పాఠంలో కింద ఉన్న ఒత్తు పోతుంది. తెలుగు పిల్లల పాఠంలో ఒత్తు పోతే ఇంకేం మిగిలింది?

చూపించడానికి వేరే ప్రతి చేయించండి, అది ఎంపీ4గానే ఉండనివ్వండి. అక్కడ ఇంటర్లేస్ తీయాలి. తీసేటప్పుడు సెకనుకు 25 కాకుండా 50 ఫ్రేములు చేయమనండి. పాల్ చిత్రంలో ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా, రెండు వేర్వేరు క్షణాల్లో తీసినది. 25కు కుదిస్తే సగం కదలిక పోతుంది. అసలు తీయకుండా వదిలేస్తే చేతిబొమ్మ చేయి ఊపినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. సగాల వరస తలకిందులైతే బొమ్మ ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకటి వేస్తున్నట్టు వణుకుతుంది.

టెండరును రెండు కవర్ల పద్ధతిలో, అంటే పనితనానికి ఒకటి, ధరకు ఒకటిగా పిలవండి. ధర కవరు తెరిచే ముందు, ఒకే రకం టేపులు అయిదు ఎంచి ప్రతి బిడ్డరు చేతా మీ కళ్ల ముందే ఎక్కించి చూపించమనండి. ఆ అయిదింటిలో విలువైన టేపు ఒక్కటీ ఉండకూడదు. రెండో ప్రతి ఉన్నవే ఇవ్వండి. ఒకటి హై బ్యాండ్‌ది పెట్టండి. దాన్ని నలుపు తెలుపుల్లో ఎక్కించి ఇచ్చినవాడికి ఈ పని తెలియదని అక్కడే తేలిపోతుంది. ఎల్-1కే, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాళ్లకే ఇవ్వాలన్న నియమం ఉంటే ఉండనివ్వండి, ఈ పరీక్ష దాటినవాళ్లలో ఎల్-1కు ఇవ్వండి.

‘మావన్నీ ఎప్పుడో డిజిటలైజ్ అయిపోయాయి’ అని కొన్ని ఆఫీసుల ఫైళ్లు చెప్పొచ్చు. దేనిలోకి ఎక్కించారో అడగండి. వీసీడీ అయితే అది 352 బై 288, అంటే టేపు మీదున్న చిత్రంలో పావు వంతు. రెండు సగాల్లో ఒకటి పూర్తిగా వదిలేసిన చిత్రం. రాసిన డిస్కులు కూడా మన వేడికి, తేమకు పొర చెడి చదవడం మానేస్తాయి. వీసీడీ, డీవీడీ ప్రతులున్నాయి కదా అని అసలు క్యాసెట్లను స్క్రాపు కింద రాసి ఉంటే ఆ ఫైలును ఇవాళే ఆపండి.

ఫిల్ము ఉంటే దాని కథ వేరు. 16 ఎంఎం ఫిల్ము అడుగుకు 40 ఫ్రేములు. టీవీ కోసం సెకనుకు 25 ఫ్రేముల్లో తీసిన 20 నిమిషాల పాఠం 750 అడుగులు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే అసిటేటు బేసు కుళ్లడం మొదలైంది. ఆ ఆవిరి పక్క డబ్బాలకూ అంటుకుంటుంది, దాన్ని వేరుచేసి గాలి ఆడేలా ఉంచాలి. వాసన రాకముందే పట్టుకోవడానికి ఏ-డీ స్ట్రిప్పులని నీలం కాగితం ముక్కలు దొరుకుతాయి. డబ్బాలో వేసి ఒక రోజు ఉంచితే, నీలం ఆకుపచ్చగా, పసుపుగా మారిన కొద్దీ జబ్బు ముదిరినట్టు. కుంచించుకుపోయిన ఫిల్మును ప్రొజెక్టరులో వేయకూడదు, పళ్లచక్రం కన్నాలను చింపేస్తుంది. పళ్లు లేని స్కానరుకు పంపాలి.

టీవీ ఫిల్ములకు ధ్వని చాలాసార్లు ఫిల్ము మీద ఉండదు. అదే వెడల్పున, అవే కన్నాలతో, గోధుమరంగు పూసిన వేరే చుట్ట మీద ఉంటుంది. కాబట్టి ‘మూగ ఫిల్ము’ అని రాసే ముందు, ‘ఖాళీ ఫిల్ము’ అనుకుని పక్కన పడేసిన గోధుమరంగు చుట్టల కోసం వెతకండి. కుళ్లే జబ్బు వాటికి బొమ్మ ఫిల్ము కంటే ముందు వస్తుంది. ఇంకొకటి: 25 ఫ్రేముల ఫిల్మును 24 అనుకుని స్కాన్ చేయిస్తే పాట 4 శాతం నెమ్మదిస్తుంది, శ్రుతి దిగిపోతుంది. పిల్లల గొంతు కాస్త బరువెక్కినట్టు వినిపిస్తే అనుమానించండి.

ఎక్కించాక దాచడం. వెయ్యి పాఠాలు ఉన్నాయనుకుందాం, ఒక్కోటి 20 నిమిషాలు. ఎఫ్‌ఎఫ్‌వీ1లో అంతా కలిపి సుమారు 13 టీబీ. కంప్యూటరు ఫైళ్లు దాచే, 12 టీబీ పట్టే ఎల్‌టీవో-8 టేపులు ఒక ప్రతికి రెండు చాలు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ అది మారిందో లేదో పట్టిచ్చే ఎండీ5 సంఖ్య తీయించి, ఏడాదికొకసారి మళ్లీ సరిచూడాలి. సొరుగులో పెట్టి మరచిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కును దాచడం అనరు. పనివేళ విషయానికొస్తే, 20 నిమిషాల పాఠానికి చూడటం, శుభ్రం చేయడం, సర్దడం, ఎక్కించడం, సరిచూడటం కలిపి గంటగా లెక్కేసుకోండి. ఒక డెక్ మీద రోజుకు అయిదు. వెయ్యికి 200 పనిదినాలు. మూడు నెలల్లో పూర్తి చేస్తామనేవాడు సరిచూడటం వదిలేస్తున్నాడు.

అసలు క్యాసెట్లను ఎక్కించిన తర్వాత కూడా ఉంచాలి. నిలువుగా, పుస్తకాల్లా పేర్చి, టేపు మొత్తం ఒక పక్కకు చుట్టి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపే గది కంటే, ఏసీ లేకున్నా వేడీ తేమా పెద్దగా మారని లోపలి గది మేలు. చల్లటి గది నుంచి వానాకాలం వరండాలోకి నేరుగా తెస్తే టేపు మీద చెమట పడుతుంది. సంచిలోనే ఉంచి, ఒక రోజు బయటి గాలికి అలవాటు పడనిచ్చి అప్పుడు తీయాలి.

2014 తర్వాత పంపకాల చిక్కు మీకు తెలుసు. రాష్ట్ర విభజన చట్టం పదో షెడ్యూలులోని సంస్థల ఆస్తుల గొడవలోకి క్యాసెట్లను లాగొద్దని మనవి. కుర్చీలు, కంప్యూటర్ల మాదిరిగా జనాభా నిష్పత్తిలో క్యాసెట్లు పంచితే ఒకే వరసలోని ఆరో పాఠం ఒక చోట, ఏడోది ఇంకో చోట పడతాయి. వాటిని ఎక్కించే డెక్ మూడో చోట ఉంటుంది. అసలు సరుకు అంతా ఒక్క చోటే ఉండి, మూల ఫైళ్లు రెండు రాష్ట్రాలకూ పూర్తిగా అందితే ఎవరికీ తక్కువ కాదు. వేరే ఊళ్లో ప్రతి ఉండాలన్న నియమం కూడా దాంతోనే తీరుతుంది.

హక్కుల భయంతో తాళం వేసి ఉంచేవాళ్లకు ఒక మాట. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ప్రభుత్వం తీసినదానికి మొదటి హక్కుదారు ప్రభుత్వమే. హక్కు గడువు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. అంటే ఈ పాఠాల్లో చాలావాటిని బయటపెట్టే అధికారం మీ చేతిలోనే ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల సీఐఈటీ (కేంద్ర విద్యా సాంకేతిక సంస్థ) తీసినవైతే వాళ్ల అనుమతి కావాలి, బయటి పాటలు వాడినవి విడిగా చూసుకోవాలి. అవి తేలేదాకా చూపకండి. ఎక్కించడం మాత్రం ఆపకండి, అనుమతి కోసం టేపు ఆగదు.

చూపేటప్పుడు పాఠాన్ని దిద్దొద్దు. గ్రహాలు తొమ్మిది అని ఉంటుంది, ప్లూటో వర్గం మారింది 2006లో. రాష్ట్ర పటం పాతది ఉంటుంది, జిల్లాలు తక్కువ ఉంటాయి. వీడియో కింద ‘ఇది ఫలానా కాలం నాటి పాఠం’ అని ఒక వాక్యం చాలు. ఆ పాఠాల్లో ఎవరి యాస వినిపిస్తోందో కూడా జాబితాలో రాయించండి: కర్నూలు మాటా, పాలమూరు మాటా, కోస్తా మాటా, పుస్తకపు మాటా అని. పాఠ్యపుస్తకంలో చోటు దొరకని మాట టీవీ పాఠంలో దొరికిందా లేదా అన్నది తెలియాలంటే ఆ ఒక్క గడి కావాలి. బొమ్మలాడించినవాళ్లు, గొంతు ఇచ్చినవాళ్లు, పాట కట్టినవాళ్ల పేర్లు అన్ని టేపుల మీదా ఉండవు. విశ్రాంత ఉద్యోగులను పిలిచి, చూపే ప్రతులు వేసి, వాళ్లు గుర్తుపట్టిన పేర్లు రాసుకోండి. ఇది డెక్కులతో పనిలేనిది, రేపే మొదలుపెట్టొచ్చు.

చివరిగా యంత్రాల గురించి. మీ స్టోరు గదిలో యూమాటిక్, బీటాక్యామ్ డెక్కులు ఉంటే, చెడిపోయినవైనా సరే, కండెమ్ చేసి వేలం వేయకండి. చెడిన డెక్ బతికున్న డెక్‌కు విడిభాగాల గని: హెడ్ డ్రమ్ము, మోటార్లు, గేర్లు, రబ్బరు రోలరు. ఏళ్లుగా మూలన పడి ఉన్న డెక్‌కు నేరుగా కరెంటు ఇవ్వొద్దు. కెపాసిటర్లు కారి ఉండొచ్చు, బెల్టులు కరిగి బంకయి ఉండొచ్చు, ఎండిన రోలరు టేపును నలిపి మింగేయొచ్చు. మెకానిక్ విప్పి చూసేదాకా మోడల్ నంబరు రాసిన చీటీ అంటించి, గుడ్డ కప్పి ఉంచండి. వానలు మొదలయ్యేలోపు ఎన్ని క్యాసెట్లు, ఏ ఫార్మాటు, ఎన్ని డెక్కులు అన్న మూడు అంకెలతో ఒక పేజీ జాబితా బయట పెట్టండి. దాన్ని బట్టి ఎన్ని గంటల పని, ఏ భాగాలు ముందు వెతకాలి అన్నది మేం లెక్కగట్టి ఇస్తాం.

ఇట్లు,
పాత టేపులు, ఫిల్ములతో పనిచేసే కొందరు సాంకేతిక పనివారు